పిల్లిగద్దకీ పురుగుమందు కొట్టుకీ ఏమిటి సంబంధం?

వలస పక్షుల ఒప్పందం అనగానే మనకి కొల్లేరో ఉప్పలపాడు చెరువో గుర్తొస్తుంది. ప్రభుత్వాల చూపూ చాలాకాలం నీళ్ల మీదే ఉంది. పక్షులు ఏటా వచ్చిపోయే మధ్య ఆసియా వలస మార్గంలోని 30 దేశాల కోసం 2005లో ఢిల్లీలో ఖరారైన ప్రణాళిక నీటిపక్షులకే. 2024లో ఉజ్బెకిస్తాన్‌లోని సమర్‌ఖండ్‌లో జరిగిన వలస జీవుల ఒప్పంద సదస్సు ఆ పనిని విస్తరించి, సమన్వయ కేంద్రాన్ని మన దేశంలో పెట్టాలని నిర్ణయించింది. ఇప్పుడైనా గడ్డినేలల పక్షుల సంగతి పట్టించుకోవాలి. ఎందుకంటే వాటి చిక్కు వేరు.

చలికాలంలో నంద్యాల జిల్లా రోళ్లపాడు అభయారణ్యం గడ్డినేలకు వచ్చే పిల్లిగద్దలకు మిడతలు ముఖ్యమైన తిండి. మిడత పడిన చోట రైతు మందు కొడతాడు. ఎంత మంచి అభయారణ్యం కట్టినా, గద్ద వేట పక్కనున్న చేలల్లోనే కదా!

అర్జెంటీనాలో జరిగింది ఇదే. ఉత్తర అమెరికా గడ్డి మైదానాల్లో గూళ్లు కట్టే స్వెయిన్సన్ గద్దలు ఏటికేడు తగ్గుతుంటే కారణం అంతుపట్టలేదు. ట్రాన్స్‌మిటర్ కట్టి వెంబడిస్తే దారి లా పంపా పొలాలకు తీసింది. అక్కడ చెట్ల కింద గద్దల శవాలు గుట్టలుగా ఉన్నాయి. మిడతల మీద కొట్టిన మోనోక్రోటోఫాస్ వాటిని చంపింది. 1995-96 సీజన్‌లో చచ్చినవి సుమారు 20 వేలని అంచనా. అమెరికా, కెనడా, అర్జెంటీనా చేతులు కలిపాయి, తయారీ కంపెనీని ఒప్పించాయి, అర్జెంటీనా ఆ మందును నిషేధించింది. పార్కులు కట్టడం కన్నా డబ్బా ఆపడమే పనిచేసింది.

ఆ 'మోనో' గుంటూరు రైతుకి కొత్త కాదు. పత్తికీ మిరపకీ ఏళ్ల తరబడి కొట్టిందే. 2021-22లో నల్ల తామర పురుగు మిరపను ఊడ్చేసినప్పుడైతే కొట్టని మందు లేదు. "బాబాయ్, గట్టిది ఏదన్నా ఇవ్వు" అంటే కొట్టాయన రెండు డబ్బాలు తీసి కలిపి కొట్టమంటాడు. డబ్బు కాయలు అమ్మాక. అప్పిచ్చినవాడి మాటే సలహా అయిపోతుంది, రైతుని తప్పుపట్టి లాభం లేదు.

2023లో కేంద్రం మోనోక్రోటోఫాస్ 36 శాతం మందు రద్దుకు ఉత్తర్వు ఇచ్చింది. బాగానే ఉంది. కానీ ఒకటి పోతే ఇంకోటి వస్తుంది. కాబట్టి వలస మార్గం సమావేశాలకు అటవీ శాఖ ఒక్కటీ వెళ్తే చాలదు. వ్యవసాయ శాఖనీ, గుంటూరు దగ్గరి లాం ఫారం వ్యవసాయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలనీ పిలవాలి. ఏ నెలలో ఏ మందు ఎంత పోయిందో కొట్ల స్టాక్ రిజిస్టర్లలో ఎలాగూ ఉంటుంది. గద్దకు కట్టిన ట్యాగ్ చూపించే దారితో ఆ లెక్కను జోడించి చూసే పని ఆ వలస మార్గం సమన్వయ కేంద్రమే మొదలుపెట్టాలి.