కూలితే ఎవరు కడతారు?

ప్రభుత్వ పనుల టెండర్ల మీద ప్రశ్న లేస్తే చాలు, అధికారంలో ఉన్నవాళ్ల జవాబు సిద్ధంగా ఉంటుంది. బయటి కంపెనీలు రాకపోతే పనులు కావు, లాభానికి ఖజానా పూచీ పడకపోతే కంపెనీలు రావు. ఇప్పుడు దీనికి చరిత్రను సాక్ష్యం తెస్తున్నారు. యూరప్‌లో తొలి రైలు మార్గాలు వేసింది పరాయి దేశాల కాంట్రాక్టర్లే కదా అంటున్నారు. వేసిన మాట నిజమే. నష్టం వచ్చినప్పుడు అది ఎవరి నెత్తిన పడిందో మాత్రం చెప్పడం లేదు.

ఫ్రాన్స్‌లో పారిస్-రువాన్ మార్గాన్ని ఇంగ్లండ్ కాంట్రాక్టర్లు థామస్ బ్రాసీ, విలియం మెకెంజీ వేశారు. వేల మంది కూలీలను సముద్రం దాటించి తీసుకెళ్లి, 1843 మే నాటికి రైలు నడిపించారు. ఆ వెంటనే లైన్‌ను ల హావ్ర్ రేవు దాకా పొడిగించే పనికి దిగారు. ఆ దారిలో బారంతాన్ దగ్గర లోయ మీద వంద అడుగుల ఎత్తున కమానుల ఇటుక వంతెన కట్టారు. 1846 జనవరి 10న అది కుప్పకూలింది. సున్నం నాసిరకమన్నారు, వానలన్నారు. తప్పు ఎవరిదో తేలేదాకా కోర్టులో నాన్చడానికి బ్రాసీకి దారి ఉంది. ఆయన ఆ దారి పట్టలేదు. మార్గం కట్టి అప్పగిస్తానని ఒప్పుకున్నాను కాబట్టి కడతానంటూ, కొత్త వంతెనను తమ ఖర్చుతోనే లేపారు. 1847 మార్చిలో లైన్ తెరుచుకుంది. చరిత్రను సాక్ష్యం పిలిచేవాళ్లు ముందు ఈ వంతెన సంగతి చెప్పాలి.

ఆ తర్వాత రుమేనియా సంగతి కూడా చెప్పాలి. అప్పటికి పూర్తి స్వాతంత్య్రం కూడా లేని ఆ చిన్న రాజ్యం 1868లో ప్రష్యా కాంట్రాక్టర్ బెతెల్ హెన్రీ స్ట్రౌస్‌బర్గ్‌కు రైలు మార్గాలు అప్పగించింది. కిలోమీటరుకు ఇంత అని రేటు కట్టింది. ఆ పెట్టుబడి మీద ఏటా ఏడున్నర శాతం వడ్డీకి పూచీ పడింది. బాండ్లు జర్మనీలో అమ్ముడుపోయాయి, పని మాత్రం వెనకబడింది. 1871 జనవరిలో వడ్డీ వాయిదా రాగానే స్ట్రౌస్‌బర్గ్ చేతులెత్తేసి, పూచీ పడింది మీరే కాబట్టి మీరే కట్టండన్నాడు. బుకారెస్ట్‌లో జనం వీధుల్లోకి వచ్చారు. పాలకుడు కరోల్ గద్దె దిగుతానన్నాడు. బాండ్లు కొన్న జర్మన్ల తరఫున జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ ఒత్తిడి పెట్టాడు. చివరికి రుమేనియా ఆ లైన్లను కొనుక్కోవడానికి ఒప్పుకున్నాకే, 1880లో, జర్మనీ దాని స్వాతంత్య్రాన్ని గుర్తించింది. ఒక కాంట్రాక్టు కాగితం మీద పెట్టిన సంతకానికి ఒక దేశం పన్నెండేళ్లు మూల్యం చెల్లించింది.

డబ్బులేని దేశం పూచీ ఇవ్వక ఏం చేస్తుందని అడిగేవారున్నారు. పెట్టుబడి కావాలి, కాదనం. అయితే నష్టమొస్తే తన జేబులోంచి పోతుందన్న భయం కాంట్రాక్టర్‌కు లేనప్పుడు, పని చూసే కన్ను కూడా మూసుకుపోతుంది. ఒట్టోమన్ (తుర్కీ) సామ్రాజ్యంలో బారన్ హిర్ష్ అనే పెట్టుబడిదారు వేసిన లైన్లకు కిలోమీటర్ లెక్కన ప్రతిఫలం ముట్టేది. అక్కర్లేని వంపులు తిప్పి పొడవు పెంచారన్న ఆరోపణ ఆ లైన్లను చివరిదాకా వదల్లేదు.

ఇది మనకు దూరపు కథేమీ కాదు. మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా 1871లో రాయచూరు చేరిన లైన్ కూడా ఇలాంటి పూచీతోనే వచ్చింది. లండన్ వాటాదారులకు 5 శాతం రాబడి ఖాయం. తగ్గితే భర్తీ చేసేది భారత ఖజానా, అంటే ఇక్కడి రైతు కట్టిన శిస్తు. ఇక్కడ ఆర్థిక వ్యవహారాలు చూసిన విలియం మాసీ 1872లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందే ఒప్పుకున్నారు: తాను అప్పిచ్చిన సొమ్ము ఇటుకలయిందా, హుగ్లీ నదిలో పడిందా అన్నది ఇంగ్లండ్ పెట్టుబడిదారుకు పట్టలేదని. పూచీ ఉన్నవాడికి ఎందుకు పడుతుంది?

అందుకే మేం అడిగేది కాంట్రాక్టర్ ఏ దేశంవాడని కాదు. కూలితే ఎవరు కడతారు, ఆలస్యమైతే వడ్డీ ఎవరిది, మధ్యలో వదిలేసి పోతే ఎవరు జవాబుదారీ అని. ఈ మూడింటికీ ఒప్పందంలో జవాబు ఉండి తీరాలి, సంతకం పెట్టకముందే అది శాసనసభ ముందుకు రావాలి. వాణిజ్య రహస్యమంటూ ఆ పేజీలు దాచిపెట్టి, జనం సొమ్ముకు పూచీకత్తు రాసివ్వడానికి మంత్రులకు ఎవరు అధికారమిచ్చారు? యూరప్ చరిత్ర వల్లించే ముందు ఆ పేజీలు బయటపెట్టండి.