టై లేని మనిషి చేసిన అపచారం

మార్షల్ నైరెన్‌బర్గ్‌ని తలుచుకున్నప్పుడల్లా అందరూ పొగుడుతారు. జన్యు సంకేతంలో, అంటే ఏ ప్రోటీన్ ఎలా కట్టాలో చెప్పే డీఎన్‌ఏ భాషలో, మొదటి మాట చదివినవాడు, 1968 నోబెల్‌లో హరగోవింద్ ఖొరానాతో, రాబర్ట్ హోలీతో పాటు వాటాదారు. పొగడాల్సిందే. కానీ పద్ధతీ పాడూ అని ఒకటి ఉంటుంది కదా, ఆ ఊసు ఎవరూ ఎత్తరు. కాబట్టి నేనే ఎత్తుతున్నాను.

ఆ సంకేతం విప్పే పనికి అప్పటికే ఒక కమిటీ ఉంది. 1954లో జార్జ్ గామో అనే భౌతికశాస్త్రవేత్త ‘ఆర్‌ఎన్‌ఏ టై క్లబ్’ పెట్టాడు. (ఆర్‌ఎన్‌ఏ అంటే డీఎన్‌ఏ మాటని ప్రోటీన్ తయారీకి మోసుకెళ్లే నకలు.) ప్రోటీన్లకి ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలు 20 కాబట్టి సభ్యులూ 20 మందే. తలా ఒక ఆమ్లం కేటాయించారు. డీఎన్‌ఏ ఆకారం కనిపెట్టిన జంటలో వాట్సన్‌కి ప్రోలిన్, క్రిక్‌కి టైరోసిన్, భౌతికశాస్త్రవేత్త ఫైన్‌మన్‌కి గ్లైసీన్. హైడ్రోజన్ బాంబు టెల్లర్‌కి కూడా ఒకటి దక్కింది. ఆర్‌ఎన్‌ఏ మెలికలు కుట్టిన టై, దానికి ఆమ్లం పేరులో మూడక్షరాల పిన్ను. గామో పిన్ను మీద ఏఎల్‌ఏ (అలనీన్) అని చూసి, మీ ఇనీషియల్స్ తప్పు పడ్డాయే అని అడిగేవారట పాపం.

ఇక పని సంగతి. డీఎన్‌ఏలో అక్షరాలు నాలుగే. మూడేసి చొప్పున పేరిస్తే 64 మాటలొస్తాయి. ఆ మాటలు సూచించాల్సిన ఆమ్లాలు మాత్రం 20. 64ని 20కి ఎలా సర్దాలి? గామో డీఎన్‌ఏలో డైమండ్ ఆకారపు గుంటలున్నాయని ఒక సిద్ధాంతం కట్టాడు. తప్పు. 1957లో క్రిక్ మిత్రులతో కలిసి లెక్క కడితే సరిగ్గా 20 తేలింది. ఎంత ముచ్చటైన లెక్క! అదీ తప్పే. (క్రిక్ క్లబ్బుకి రాసి పంపిన ఒక నోటు మాత్రం తర్వాత నిజమైంది, కాదనను.) తప్పయితే అయింది, అంత హుందాగా తప్పు చేయడం ఎందరికి వస్తుంది?

ఈలోగా అమెరికాలో బెథెస్డాలోని ప్రభుత్వ పరిశోధన సంస్థలో నైరెన్‌బర్గ్ ఏం చేస్తున్నాడు? ఈయన ఎమ్మెస్సీ చేసింది కాడిస్ ఈగల మీద. క్లబ్బు సభ్యుడు కాదు. జర్మనీ నుంచి వచ్చిన హైన్‌రిఖ్ మథాయితో కలిసి, ‘ఈ.కోలి’ అనే బాక్టీరియాని అల్యూమినా పొడి వేసి నూరి, రసం తీస్తున్నాడు. అమ్మమ్మలు కల్వంలో మందు నూరినట్టు! ఆ రసంలో ‘యూ’ (ఆర్‌ఎన్‌ఏ నాలుగు అక్షరాల్లో ఒకటి) అనే ఒకే అక్షరం వరసగా ఉన్న ఆర్‌ఎన్‌ఏ కలపాలి. ఒక్కో గొట్టంలో ఒక్కో ఆమ్లానికి రేడియోధార్మిక గుర్తు పెట్టాలి. ఏ గొట్టంలో గుర్తున్న ప్రోటీన్ తయారైతే అదే జవాబు.

జవాబు వచ్చింది 1961 మే 27న. ఆ రోజు శనివారం. నైరెన్‌బర్గ్ సారు కాలిఫోర్నియా క్యాంపులో ఉన్నారు. సారు క్యాంపులో ఉండగా, శనివారం, తెల్లవారుజామున, ప్రభుత్వ ల్యాబ్‌లో మథాయి ఒక్కడే కూర్చుని గొట్టాలు లెక్కపెడుతున్నాడు. ఇలాంటివి బయటికి పొక్కితే మిగతా ప్రభుత్వ ఉద్యోగుల పరిస్థితి ఏమిటి?

ఆగస్టులో మాస్కోలో జీవరసాయన శాస్త్రవేత్తల మహాసభలో నైరెన్‌బర్గ్ చిన్న గదిలో, గుప్పెడు మంది ముందు ఈ సంగతి చదివాడు. అంతటితో సరిపోయేది. విన్నవాళ్లలో మెసెల్సన్ అనే ఆయన వెళ్లి క్రిక్ చెవిన వేశాడు. క్రిక్ ఏం చేయాలి? తన క్లబ్బు పరువు కాపాడాలి. అది మానేసి, పెద్ద హాల్లో మళ్లీ చదివించాడు. ఇంటిదొంగ అంటే వేరే ఉంటాడా?

నోబెల్ వచ్చిన రోజున ల్యాబ్‌వాళ్లు ‘యూ యూ యూ ఆర్ గ్రేట్ మార్షల్’ అని బ్యానర్ కట్టారు. రాత్రంతా మేలుకున్న మథాయికి నోబెల్ రాలేదు. ఈ కథ మొత్తంలో పద్ధతి ప్రకారం జరిగింది ఇదొక్కటే.

ఇంతకీ మూడు ‘యూ’లకి అర్థం ఫీనైల్ అలనీన్. ఆ పేరున్న టై ఏడేళ్లుగా గుంథర్ స్టెంట్ అనే సభ్యుడి పేరు మీద ఉంది.