పుట్టిన రోజే హెపటైటిస్ బి టీకా ఎందుకు? ఆ ఫార్వర్డ్‌కి నా జవాబు

"ఒక్క రోజు కూడా నిండని పసిగుడ్డుకి లైంగిక వ్యాధి టీకానా?" అని మొదలయ్యే మెసేజ్ మళ్లీ గ్రూపుల్లో తిరుగుతోంది. చదవనివాళ్ల కోసం అందులో ఏముందంటే, హెపటైటిస్ బి (లివర్‌ని పట్టే వైరస్ జబ్బు) పెద్దోళ్ల జబ్బు కాబట్టి పిల్లలకి అక్కర్లేదు, టీకాలో పాదరసం అల్యూమినియం ఉన్నాయి, ఆటిజం నరాల జబ్బులు వస్తాయి, ఫ్రాన్స్ ఆపేసింది, ఇప్పుడు అమెరికా కూడా ఆపేసింది, పైగా పదేళ్లకి పవర్ పోతుంది, నేల ఉసిరి తింటే చాలు, ఇదంతా విదేశీ కంపెనీల బిజినెస్.

మొదటిదాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతా, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే నిలబడ్డాయి.

సెక్స్ ద్వారా వస్తుందన్నది నిజమే, కాదనట్లేదు. కానీ అదొక్కటే దారి కాదు. తల్లికి వైరస్ ఉంటే కాన్పు టైమ్‌లో బిడ్డకి అంటుకుంటుంది, ఆ తర్వాత ఇంట్లో ఎవరికైనా ఉంటే గాయాల నుంచి, పుండ్ల నుంచి, ఒకే బ్లేడు ఒకే టూత్ బ్రష్ వాడటం నుంచి చిన్నపిల్లలకి పాకుతుంది, ఈ వైరస్ ఒంటి బయట కూడా కనీసం 7 రోజులు బతికే ఉంటుంది మరి. 2009లో గుజరాత్‌లోని మోడాసాలో వాడేసిన సిరంజీలే మళ్లీ వాడటం వల్ల పెద్ద ఎత్తున హెపటైటిస్ బి వచ్చింది, అక్కడ జనం చేసిన "తప్పు" డాక్టర్ దగ్గరికెళ్లి ఇంజెక్షన్ చేయించుకోవడమే.

ఇక ఫార్వర్డ్ రాసినోళ్లు అసలు ముట్టుకోని విషయం వయసు. పెద్దయ్యాక ఈ వైరస్ సోకితే వందలో 95 మందికి పైగా దాన్ని వదిలించుకుంటారు. అదే పుట్టినప్పుడు సోకితే వందలో 90 మందికి జన్మంతా ఉండిపోతుంది, ఐదేళ్ల లోపు సోకితే దాదాపు 30 మందికి. అంటే పెద్దోళ్ల జబ్బు అని మనం చూసేది చాలాసార్లు పసితనంలో అంటుకున్నదే, కామెర్లు లేవు, నొప్పి లేదు, ఏమీ తెలీకుండా లోపల లివర్‌ని తింటూ ఉండి నలభయ్యో ఏడు వచ్చేసరికి సిర్రోసిస్ (లివర్ గట్టిపడి పాడవ్వడం) అనో లివర్ క్యాన్సర్ అనో బయటపడుతుంది, చుక్క ముట్టనోడిని పట్టుకుని ఊళ్లో వాళ్లు "తాగేవాడేమోలే" అంటారు. డబ్ల్యూహెచ్‌ఓ లెక్కల్లో 2022 నాటికి మన దేశంలో ఇలా వైరస్‌తో బతుకుతున్నవాళ్లు దాదాపు 3 కోట్లు.

24 గంటల రూల్ అందుకే. కాన్పులో వైరస్ బిడ్డ ఒంట్లోకి వచ్చి ఉంటే అది లివర్‌లో కుదురుకునేలోపు ఇమ్యూనిటీ తయారవ్వాలి, ఎంత లేటైతే అంత నష్టం. తల్లికి పాజిటివ్ అని ముందే తెలిస్తే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా వేస్తారు, కానీ టెస్టే చేయించుకోని తల్లులున్నారు, రిపోర్ట్ చేతికి రాకముందే కాన్పు అయ్యేవాళ్లున్నారు, అందుకే అందరు పిల్లలకీ వేస్తారు. తర్వాత 6, 10, 14 వారాలకి పెంటావాలెంట్‌లో, అంటే ఐదు జబ్బులకి కలిపి వేసే టీకాలో, ఇదే కలిపి ఉంటుంది.

పనిచేస్తుందా అంటే తైవాన్ చూడండి. 1984లో పుట్టిన పిల్లలకి మొదలెట్టారు, అంతకుముందు పిల్లల్లో వందకి పది మంది దాకా వైరస్ మోసేవాళ్లు, టీకా వేసుకున్న తరంలో ఒక్క శాతం కన్నా తగ్గిపోయారు. ఇంకా పెద్ద సంగతేంటంటే 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో లివర్ క్యాన్సర్ రేటు పదేళ్లలో దాదాపు సగానికి పడిపోయింది. క్యాన్సర్‌ని ఆపిన మొట్టమొదటి టీకా ఇది, ఆ ముక్క ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు ఎందుకో.

పాదరసం సంగతి. మల్టీ డోస్ వయల్‌లో (చాలామందికి వేసే ఒకే సీసాలో) క్రిములు పెరగకుండా థయోమెర్సాల్ కలుపుతారు, అందులోది ఇథైల్ మెర్క్యురీ, చేపల్లో పేరుకునే మిథైల్ రకం కాదు, ఒంట్లోంచి త్వరగా పోతుంది. అమెరికాలో 2001 కల్లా చిన్నపిల్లల రొటీన్ టీకాల్లోంచి దీన్ని దాదాపుగా తీసేశారు, అయినా ఆటిజం కేసుల లెక్క పెరుగుతూనే ఉంది, మరి కారణం ఇదే అయితే తగ్గాలి కదా? అల్యూమినియం పిల్లల డోస్‌లో పావు మిల్లీగ్రాము ఉంటుంది. డెన్మార్క్‌లో 12 లక్షల మంది పిల్లల రికార్డులు చూసి 2025లో వేసిన స్టడీలో టీకాల అల్యూమినియానికీ ఆటిజానికీ ఆస్తమాకీ లింక్ దొరకలేదు.

ఫ్రాన్స్ కథ సగమే చెప్పారు. 1994లో స్కూళ్లలో టీనేజర్లకి వెయ్యడం మొదలెట్టారు, కొందరికి మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు వచ్చిందని గోల అయితే 1998లో స్కూల్ ప్రోగ్రామ్ ఆపారు, పసిపిల్లలకి అప్పుడూ ఆపలేదు. 2001లో వచ్చిన రెండు పెద్ద స్టడీల్లో టీకాకీ ఆ జబ్బుకీ సంబంధం కనపడలేదు. 2018 నుంచి అదే ఫ్రాన్స్‌లో పసిపిల్లలకి ఈ టీకా తప్పనిసరి, మరి ఈ భాగం ఎక్కడ కత్తిరించారో!

అమెరికా కూడా "ఆపెయ్యలేదు". 2025 డిసెంబర్‌లో అక్కడి టీకాల సలహా కమిటీ ఓటేసింది తల్లికి టెస్ట్ నెగటివ్ వచ్చిన పిల్లల గురించి, పుట్టగానే వెయ్యాలా లేదా డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోండి, వద్దనుకుంటే రెండు నెలలు నిండాక మొదలెట్టండి అని. పాజిటివ్ తల్లుల బిడ్డలకి, టెస్ట్ సంగతి తెలియని తల్లుల బిడ్డలకి పుట్టగానే వెయ్యాల్సిందే. ఈ మాత్రం సడలింపుని కూడా అక్కడి పీడియాట్రిషియన్ల అకాడమీ ఒప్పుకోలేదు.

పదేళ్లకి పవర్ పోతుందన్నది టీనేజ్ పిల్లల యాంటీబాడీ టెస్ట్ చూసి పుట్టిన భయం. నంబర్ తగ్గడం నిజమే. కానీ వైరస్‌ని గుర్తుపెట్టుకునే మెమరీ సెల్స్ ఒంట్లో ఉంటాయి, ఈ వైరస్ జబ్బు చెయ్యడానికి నెలలు పడుతుంది కాబట్టి అవి లేచి పని మొదలెట్టే టైమ్ ఉంటుంది. అమెరికాలోని అలాస్కాలో టీకా వేసుకున్నవాళ్లని 30 ఏళ్లు ఫాలో అయ్యి చూస్తే ఎక్కువ మందికి రక్షణ అలాగే ఉంది.

నేల ఉసిరి మీద నిజంగానే రీసెర్చ్ జరిగింది, 1988లో చెన్నై వాళ్ల స్టడీ లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో వచ్చి బాగా ఆశ పెట్టింది, తర్వాత థాయ్‌లాండ్‌లో చేస్తే ఆ ఫలితం రాలేదు. మరి పసరు తాగితే తగ్గిందిగా అంటారు. హెపటైటిస్ ఎ కామెర్లు చాలామందికి వాటంతటవే తగ్గుతాయి, పెద్దోళ్లలో బి కూడా ఎక్కువగా అంతే, పేరు మాత్రం పసరుకి.

విదేశీ బిజినెస్ అన్నది తెలుగోళ్లు అనకూడని మాట. ఇంపోర్టెడ్ టీకా సామాన్యుడికి అందని రోజుల్లో 1997లో హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ షాన్‌వాక్-బి తెచ్చి రేటు నేలకి దించింది. తర్వాత ఆ కంపెనీ విదేశీ చేతుల్లోకి వెళ్లింది, అదీ నిజమే, కానీ గవర్నమెంట్ ఆస్పత్రిలో ఈ టీకాకి మీరిచ్చేది సున్నా.

సైడ్ ఎఫెక్ట్స్ లేవని నేననను. సూది చోట నొప్పి, కొంచెం జ్వరం ఉంటాయి, తీవ్రమైన అలర్జీ దాదాపు పది లక్షల డోసుల్లో ఒకటి. టీకా వేసిన మొదటి రెండు మూడు వారాల్లో హెచ్‌బీఎస్‌ఏజీ టెస్ట్ (వైరస్ పై పొర ప్రోటీన్ రక్తంలో ఉందా అని చూసేది) చేస్తే ఒక్కోసారి పాజిటివ్ చూపిస్తుంది, అది టీకాలోని ప్రోటీనే, దాన్ని ఈస్ట్‌లో తయారుచేస్తారు, వైరస్ అందులో ఉండదు, కంగారుపడి "టీకాతోనే జబ్బొచ్చింది" అనకండి.

మన దేశమంతటా ఈ టీకా రొటీన్‌లోకి వచ్చింది 2011లో, ఆంధ్రప్రదేశ్‌లో కాస్త ముందే, అంటే అంతకుముందు పుట్టి ఇప్పుడు ఇంటర్‌లోనో డిగ్రీలోనో ఉన్నవాళ్లలో చాలామందికి పడి ఉండకపోవచ్చు. కార్డు వెతకండి, దొరక్కపోతే డాక్టర్‌ని అడిగి మూడు డోసులు వేయించండి, మొదటిది వేశాక నెలకి రెండోది, మొదటిదాని నుంచి ఆరు నెలలకి మూడోది.