బీచ్‌లు లెక్కపెట్టుకునే బడ్జెట్ ట్రిప్పుల మీద నా గోల

గోవా, గోకర్ణ, వర్కల, కన్యాకుమారి, పాండిచ్చేరి, అన్నీ కలిపి వారంలో, అదీ పదివేలలోపు! ఇలాంటి రీల్ ఒకటి వస్తుంది, దాని కింద "అక్కా, ప్లాన్ పంపు" అని కొండవీటి చాంతాడంత కామెంట్లు. నాకు ఇన్‌బాక్స్‌లో అదే రీల్ పంపి "ఇది నిజమేనా?" అని అడిగేవాళ్ళందరికీ కలిపి ఇక్కడే చెబుతున్నా. ఆ లెక్క నమ్మకండి.

ఇసుకలో కూర్చుని సముద్రం చూసినందుకు మనల్ని ఎవరూ డబ్బులు అడగరు. చేతి చమురు వదిలేది ఒక బీచ్ నుంచి ఇంకో బీచ్‌కి మారే రోజున. అలాంటి రోజులు పెరిగేకొద్దీ ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి ఇంకా ఎక్కువ, ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళకి మరీ ఎక్కువ. రీల్స్ చేసేవాళ్ళు బీచ్‌లు చూపిస్తారు గానీ ఈ మారే రోజులు చూపించరు.

అలాంటి రోజు ఎలా ఉంటుందో చూడండి. మంచం లెక్కన అద్దెకిచ్చే టూరిస్టు హాస్టల్ వాళ్ళు పది గంటలకల్లా మంచం ఖాళీ చెయ్యమంటారు. రైలేమో మధ్యాహ్నం రెండింటికి. స్టేషన్‌కి ఆటో. అందులో నలుగురు కూర్చున్నా, ఒక్కరు కూర్చున్నా రేటు ఒకటే కాబట్టి ఆ మొత్తం మన నెత్తినే. స్టేషన్లో క్లోక్‌రూమ్ ఉంటే బ్యాగ్ పెట్టుకోవచ్చు, కానీ తాళం లేని బ్యాగ్ తీసుకోరు కాబట్టి తాళం కొనాలి. ఈలోగా రెండు టీలు, ఒక భోజనం, ఎండకి నీళ్ళ బాటిళ్ళు. దిగాక మళ్ళీ ఆటో. కొత్త ఊళ్ళో చవగ్గా ఎక్కడ తినాలో మొదటిరోజే తెలియదు కాబట్టి రాత్రి భోజనం రూమ్ పక్కన బోర్డు మెరిసే హోటల్లోనే. తీరా చూస్తే ఆ రోజు సముద్రం చూసింది రైలు కిటికీలోంచి మాత్రమే! ఇలాంటివి వారంలో నాలుగు పెట్టుకుని దాన్ని బీచ్ ట్రిప్ అంటే ఎలా?

ఇక ఆడవాళ్ళ లెక్క. "రాత్రికి స్టేషన్లోనే పడుకున్నా బ్రో, రూమ్ డబ్బులు మిగిలాయి" అని చెప్పే అబ్బాయిల బడ్జెట్ మనది కాదు. పడమటి తీరం వెంబడి నడిచే ప్రైవేటు స్లీపర్ బస్సులు చాలావరకు ఊళ్ళోకి రావు. తెల్లవారుజామున మూడింటికి హైవే మీద ఏదో క్రాస్ దగ్గర దించేసి వెళ్ళిపోతాయి. అక్కడ ఒక మూసేసిన టీ కొట్టు, రెండు కుక్కలు, ఒక ఆటో. ఆ ఆటోవాడు మంచివాడే కావచ్చు. కానీ ఆ "కావచ్చు" మీద నేను పందెం కాయను. పగలు దిగే రైలు చూసుకుంటాను, అది లేకపోతే ఒక పూట ఆగుతాను. ఆ ఆగిన పూటకీ డబ్బే. ఒక ఊళ్ళో లాడ్జి కౌంటర్లో మనిషి నా ఆధార్ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "సింగిల్ లేడీస్‌కి ఇవ్వం మేడమ్, ఫ్యామిలీలకే" అన్నాడు. రూములు ఖాళీ ఉన్నాయి, తాళంచెవులు వెనక బోర్డుకి వేలాడుతూనే ఉన్నాయి. పక్క వీధిలో దాదాపు రెట్టింపు పెట్టి తీసుకున్నా. దీన్ని రీల్‌లో ఏ ఖాతాలో రాస్తారో నాకు తెలియాలి.

అందుకే నా పద్ధతి ఇది. బీచ్‌లు పక్కపక్కనే ఉండి, ఒకదాని నుంచి ఇంకోదానికి నడిచి వెళ్ళగలిగే ఊళ్ళు ఎంచుకుంటాను. అలాంటివి పడమటి తీరంలో కావలసినన్ని ఉన్నాయి. గోకర్ణలో గుడి దగ్గరి పెద్ద బీచ్ నుంచి గుట్ట ఎక్కి దిగితే కుడ్లే, అక్కడి నుంచి ఇంకో గుట్ట దాటితే ఓం బీచ్, ఆ తర్వాత హాఫ్ మూన్, ప్యారడైజ్. అంతా కాలిదారే. చివరి రెండింటికి దారి రాళ్ళూ తుప్పలూ కాబట్టి పొద్దున్నే వెళ్ళి ఎండ దిగకముందే తిరిగి రావాలి. దక్షిణ గోవాలో పాలోలెం నుంచి కొలంబ్ మీదుగా పట్నెం కూడా నడకే. వర్కలలో కొండ అంచు మీది దారి పట్టుకుని ఉత్తరంగా నడిస్తే ఓడయం వస్తుంది. ఒకే మంచం, ఒకే లాకర్, రోజుకో బీచ్. నాలుగు రోజులుంటే హాస్టల్ వాళ్ళే రేటు తగ్గిస్తారు, అడగడానికి మొహమాటపడకండి. క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ దాకా మాత్రం అడిగి లాభం లేదు, ఆ వారం అటు పోకపోవడమే మేలు.

ఒంటరి ప్రయాణంలో ఎవరూ చెప్పని అసలు సమస్య ఇంకోటుంది. నీళ్ళలోకి దిగితే బ్యాగ్ ఎవరు చూస్తారు? ఫోను, డబ్బులు, ఆధార్ అన్నీ అందులోనే. గోకర్ణ పెద్ద బీచ్‌లో ఒడ్డున నిలబడి ఇదే ఆలోచిస్తుంటే వెనకనుంచి "ఒక్కదానివే వచ్చావా అమ్మా? మీవాళ్ళేరీ?" అని తెలుగు వినపడింది. యాత్రల బస్సులో వచ్చిన ఒక పెద్దావిడ, మహాబలేశ్వరుడి దర్శనం అయ్యాక తడి చీర కొంగు పిండుకుంటూ నిలబడి ఉంది. "ఒక్కదాన్నే పిన్నిగారూ" అన్నాను. "మీ అమ్మ ఎలా పంపించిందే!" అంటూనే నా బ్యాగ్ తీసి ఒళ్ళో పెట్టుకుని ఇసుకలో కూర్చుంది. "మోకాళ్ళ లోతుకే వెళ్ళు. నేను ఇక్కడినుంచి చూస్తుంటా." నేను బయటికొచ్చేసరికి బ్యాగ్ మీద స్టీలు డబ్బా, అందులో పులిహోర. అయితే ప్రతిసారీ పిన్నిగారు దొరకదు కాబట్టి వాటర్‌ప్రూఫ్ పర్సు ఒకటి మెడలో వేసుకోండి, మిగతావి లాకర్లో పెట్టి రండి. ఆవిడ చెప్పిన మోకాళ్ళ లోతు మాట కూడా తేలిగ్గా తీసుకోకండి. ఒంటరిగా ఉన్నప్పుడు అల లాగేస్తే కేక వేసేవాళ్ళు ఉండరు. లైఫ్‌గార్డులు ఉన్న చోట, వాళ్ళు డ్యూటీలో ఉన్న వేళల్లోనే దిగాలి. ఎర్రజెండా కనిపిస్తే దిగనే కూడదు.

ఊళ్ళ మధ్య మారక తప్పని రోజుకి కొంకణ్ రైల్వేని మించింది లేదు. రోహా నుంచి మంగళూరు పక్కన తోకూరు దాకా సుమారు 740 కిలోమీటర్ల ఈ లైను 1998లో పూర్తయింది. గోవాలోని మడ్‌గావ్ నుంచి మంగళూరు వైపు వెళ్ళే పగటి ప్యాసింజర్లో గోకర్ణ రోడ్ దాకా జనరల్ టికెట్ వంద రూపాయల లోపే. కార్వార్ దగ్గర కాళీ నది, ఇంకా ముందుకు వెళ్తే హొన్నావర దగ్గర శరావతి మీద రెండు కిలోమీటర్ల పైచిలుకు వంతెన. పక్క సీట్లో చేపల బుట్టలు, కాలేజీ పిల్లలు, మల్లెపూలు. గోవాలో ఎయిర్‌పోర్టు టాక్సీకి ఇచ్చే డబ్బుతో ఈ రైల్లో ఎన్నిసార్లు తిరగొచ్చో! ఒక్కరికైతే అక్కడ పసుపు, నలుపు రంగుల బైకు మీద ఎక్కించుకుపోయే పైలట్ చాలు. స్కూటీ అద్దెకి తీసుకుంటే నల్ల ప్లేటు మీద పసుపు అంకెలున్నదే తీసుకోండి, అద్దెకిచ్చే అనుమతి ఉన్న బండికి ఆ ప్లేటే ఉంటుంది. తెల్ల ప్లేటు బండి వంద రూపాయలు తక్కువకి వస్తుంది, పోలీసులు ఆపితే ఆ మిగిలిందంతా జరిమానాకే.

గోకర్ణ నుంచి వర్కలకి ఒకే ఊపులో పోనక్కర్లేదు. పగలు మంగళూరు చేరి, సాయంత్రం మలబార్ ఎక్స్‌ప్రెస్ స్లీపర్ ఎక్కితే పొద్దుటికి వర్కల. రాత్రి రూమ్ ఖర్చు లేదు, దిగేది వెలుతురులో. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి కింద బెర్త్ కావాలంటే ఆ తేదీ గుర్తుపెట్టుకోండి. మనవైపు నుంచి వెళ్ళడానికి విజయవాడ, గుంటూరు, నంద్యాల మీదుగా గోవాలోని వాస్కో వెళ్ళే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఉంది. అది దూధ్‌సాగర్ జలపాతం పక్కనుంచే పోతుంది. రావడానికి తిరువనంతపురం నుంచి శబరి ఎక్స్‌ప్రెస్. వెళ్ళిన దారినే మళ్ళీ రానక్కర్లేదు. మధ్యలో ఆగాల్సింది రెండే ఊళ్ళలో, మరీ సెలవులుంటే మూడు.

తిండి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. సముద్రం కనిపించే కుర్చీకి ఒక రేటు, కనిపించని కుర్చీకి ఇంకో రేటు. వర్కల కొండ మీది కేఫ్‌లు వదిలేసి జనార్దనస్వామి గుడి వైపు లోపలికి నడిస్తే పుట్టు (ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి), కడల కూర (నల్లశనగల కూర), మధ్యాహ్నం ఎర్రబియ్యం అన్నంతో మీల్స్. నాకా బియ్యం లావు అలవాటు కాలేదు, కందిపొడి పొట్లం ఎప్పుడూ దగ్గరుంటుంది.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా రూములు చవక అని ఎవరైనా ఊరిస్తే వెళ్ళకండి. పాలోలెంలో చెక్క గుడిసెలు విప్పేసి కట్టలు కట్టేస్తారు. సముద్రంలోకి దిగనివ్వరు. రైళ్ళు కూడా వానాకాలం టైమ్‌టేబుల్‌లో నెమ్మదిగా నడుస్తాయి.

ఇంత దూరం ఎందుకు, మనకి సముద్రం లేదా అని మా బాబాయి అడుగుతాడు. ఎందుకు లేదు! రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ కూడా వచ్చింది, అంటే శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు. బాపట్ల మెయిన్ లైను మీదే ఉంది, స్టేషన్ నుంచి సూర్యలంక ఆటో దూరం. కానీ అక్కడ ఒంటరి ఆడపిల్ల ఎక్కడుండాలి? ఆదివారం కార్లలో వచ్చి బిర్యానీ ప్యాకెట్లు పారేసి పోయేవాళ్ళ కోసం రిసార్టులున్నాయి, వాటి రేట్లు ఇద్దరు పిల్లలున్న కుటుంబానికి వేసినవి. నేనడిగేది పెద్దదేం కాదు. లాకర్లున్న ఒక డార్మిటరీ, తలుపు గడియ పడే ఒక బట్టలు మార్చుకునే గది, చీకటి పడ్డాక కూడా స్టేషన్‌కి నడిచే షేర్ ఆటో. ఈ మూడూ వస్తే పడమటి తీరం టికెట్ క్యాన్సిల్ చేసి బాపట్లలో దిగుతా, బాబాయి ఇంట్లో భోజనం కూడా కలిసొస్తుంది.