ఆరు చొక్కాల నూలుతో ఏడు

ఏళ్ల తరబడి ఒకే దుకాణంలో బట్టలు కొంటున్నవారి నోట ఈమధ్య ఒకటే మాట. బోర్డు మారలేదు, కొలతల చీటీ మారలేదు, ధర పెరిగింది, బట్ట మాత్రం నిలవడం లేదు. మూడు ఉతుకులకే చంక కింద ఉండలు కడుతున్నాయి. పక్క కుట్టు మెలితిరిగి పొట్ట మీదికి వస్తోంది. నల్ల ప్యాంటు నెల తిరక్కుండా బూడిద రంగుకు దిగుతోంది. పేరు చూసి నమ్మకంతో కొనే అలవాటున్నవారికే ఈ దెబ్బ ఎక్కువగా తగులుతోంది. పాత రోజుల మీద మమకారంతో అంటున్నారని కొట్టిపారేయడం తేలిక. కానీ బట్ట నాణ్యాన్ని తూచవచ్చు, లెక్కపెట్టవచ్చు, రుద్ది చూడవచ్చు. అలా చూస్తే తప్పు ఎక్కడ మొదలైందో పోగుతో సహా తెలుస్తుంది.

ముందు బరువు సంగతి. చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందన్నది లెక్క. మిల్లు నుంచి కుట్టు యూనిట్ దాకా అందరూ దాన్ని జీఎస్‌ఎం అంటారు. సరిగ్గా 100 చదరపు సెంటీమీటర్ల గుండ్రటి ముక్కను కోసే చేతి కట్టర్ ఒకటి ఈ పనికి వాడతారు. ఆ ముక్క 1.8 గ్రాములు తూగితే బట్ట 180 జీఎస్‌ఎం. అదే టీషర్టును మరుసటి ఏడాది 150కి దించితే హ్యాంగర్‌కు వేలాడే చొక్కాలో తేడా కంటికి దొరకదు. నూలు మాత్రం ఆరో వంతు తగ్గిపోయింది. ఆరు చొక్కాలకు పట్టే నూలుతో ఏడు తయారవుతున్నాయి. చొక్కా తయారీలో అన్నిటికంటే పెద్ద ఖర్చు బట్టదే. అందుకే లాభం నిలుపుకోవాలనుకున్న కొనుగోలు విభాగం చెయ్యి మొదట పడేది ఇక్కడ. పలచని బట్టంతా నాసిరకమని మేము అనడం లేదు. సన్న నూలుతో దగ్గరగా నేసిన తేలిక బట్ట ఏళ్లపాటు మన్నుతుంది. ఉన్న నూలునే వదులుగా అల్లి బరువు తగ్గించినప్పుడే చిక్కంతా.

తర్వాతిది నూలు. జనం సరిగ్గా పోల్చుకోలేక ఎక్కువగా మోసపోయేది కూడా ఇందులోనే. పత్తి పింజ పొడవుగా ఉంటే పోగుకు పోగు గట్టిగా పెనవేసుకుంటుంది. పొట్టి పింజ అయితే కొసలు బయటికి పొడుచుకు వస్తాయి. మంచి నూలు కోసం వడకడానికి ముందు పత్తిని దువ్వి పొట్టి పింజను తీసేస్తారు. ఈ దువ్వడంలో ఎంత లేదన్నా పదో వంతుకు పైగా పత్తి వ్యర్థంగా పోతుంది. దువ్వకుండా వడికితే ఆ వ్యర్థమంతా నూలులోనే ఉండిపోతుంది, డబ్బు మిగులుతుంది. లేబుల్ మీద మాత్రం రెంటికీ ఒకటే రాత: 100 శాతం పత్తి. రాసినదాంట్లో అబద్ధం లేదు. కొనేవారికి కావలసిన నిజం మాత్రం అందులో లేదు.

ఉండలు కట్టడం వెనుక జరిగేది ఇదే. చెయ్యి, సంచి పట్టీ, సీటు బెల్టు రాసుకున్నచోట పొట్టి కొసలు పైకి లేచి ఒకదానికొకటి చుట్టుకుంటాయి. నూలు పురి వదులుగా ఉంటే ఇంకా త్వరగా లేస్తాయి. మెత్తగా తగలడానికి పురి తగ్గించడం ఇప్పుడు మామూలైపోయింది. పత్తి ఒక్కటే ఉన్న బట్టలో ఆ ఉండలు కొన్నాళ్లకు రాలిపోతాయి. పాలిస్టర్ కలిసిన బట్టలో రాలవు. పాలిస్టర్ పోగు గట్టిది కావడంతో ఉండను తెగనివ్వకుండా పట్టి ఉంచుతుంది. గట్టి పోగు కలిసినా బట్ట పాతబడినట్టు కనిపించడానికి కారణం ఇదే. 2000ల తొలి ఏళ్లలోనే ప్రపంచవ్యాప్త వాడకంలో పాలిస్టర్ పత్తిని దాటిపోయింది. పాలిస్టర్ చెడ్డదని కాదు. వాన కోటుకు, వ్యాయామ దుస్తులకు దాన్ని మించింది లేదు. స్వెటర్‌లో ఉన్ని తగ్గించి యాక్రిలిక్ పెంచి, పేరూ ఫొటోలూ మార్చకుండా అమ్మితే మాత్రం అది నమ్మకద్రోహమే.

దుకాణంలో ముట్టుకుంటే వెన్నలా ఉన్న చొక్కా ఇంట్లో అయిదు ఉతుకులకు గరుకవుతోందని చాలామంది అంటున్నారు. ఆ మెత్తదనం చాలావరకు నూలుది కాదు, చివర్లో పట్టించిన సిలికాన్ మెరుగుది. ఉతుకు ఉతుకుకూ అది పోతుంది, అడుగున ఉన్న అసలు బట్ట బయటపడుతుంది. ముడతలు పడని చొక్కాలదీ ఇలాంటి కథే. ఆ గుణం కోసం పత్తికి రెజిన్ అనే జిగురులాంటి రసాయనం పట్టించి వేడిచేస్తారు. ముడతలు పోతాయి, దాంతోపాటు పోగు బలమూ తగ్గుతుంది. కాలర్ మడత, కఫ్ అంచు ముందుగా చిరగడానికి ఇదొక కారణం.

కుట్టు దగ్గరికి వద్దాం. మంచి చొక్కాకు అంగుళానికి 12 కుట్లు పడాలి, ఇంకా ఎక్కువైనా మంచిదే. ఎనిమిదికి దించితే మిషన్ వేగంగా సాగుతుంది, దారం మిగులుతుంది. రెండడుగుల పక్క కుట్టు తీసుకోండి. 288 కుట్లు పడాల్సినచోట 192 పడతాయి. లాగిన బరువంతా ఆ తక్కువ కుట్ల మీదే పడుతుంది. ఇక లోపల వదిలే గుడ్డ. ఒకప్పుడు సెంటీమీటరున్నర వదిలినచోట ఇప్పుడు ఆరు మిల్లీమీటర్లు వదిలి, అంచు పోగులు విడిపోకుండా చుట్టి కుట్టే ఓవర్‌లాక్ ఒక్కటి కొట్టి సరిపెడుతున్నారు. ఒళ్లు కాస్త వస్తే విప్పి వదులు చేసుకోవడానికి అందులో ఏమీ మిగలదు. జారుడు బట్టయితే ఇంకా ప్రమాదం. కూర్చున్నప్పుడు తొడ దగ్గర బిగిస్తుంది. కుట్టు దారం తెగదు, పడుగు పోగులే అంచులోంచి జారిపోతాయి, అక్కడ నిచ్చెన మెట్లలా సందులు కనిపిస్తాయి. ఆ దశకు వచ్చాక ఏ దర్జీ బాగుచేయలేడు, ఎందుకంటే మళ్లీ కుట్టడానికి పట్టు దొరకదు.

చొక్కా మెలితిరగడానికి కారణం మరొకటి. ఒకే వైపు పురి ఉన్న నూలుతో గుండ్రటి మిషన్ మీద అల్లిన బట్ట, తడిస్తే ఆ పురి విడిపోయే దిశకు తిరుగుతుంది. దీనికి మందు లేకపోలేదు. తడి మీదా ఆవిరి మీదా బట్టను ముందే కుదించాలి. బట్ట తానును విప్పి పరిచాక కోయకుండా ఒక రోజంతా ఊరకే ఉంచాలి. సాగే పోగు ఉన్న బట్టకు ఇది తప్పనిసరి. రవాణా తేదీ నెత్తిమీద ఉన్నప్పుడు మొదట ఎగిరిపోయేది ఈ ఒక్క రోజే. దానికి తోడు గుడ్డ కలిసివస్తుందని ముక్కలను నిలువు పోగుకు కొద్దిగా వాలుగా పెట్టి కోస్తారు. ఆ రెండు మూడు డిగ్రీల వాలే తర్వాత ప్యాంటు కాలు ఒకటి మోకాలి చుట్టూ తిరిగిపోయేలా చేస్తుంది. కొలత కుంచించుకుపోవడమూ ఇక్కడి తప్పే. అయిదు శాతం దాకా ఫరవాలేదని బట్టలు కుట్టించుకునే సంస్థలు చాలావరకు ఒప్పందంలోనే రాసుకుంటాయి. 70 సెంటీమీటర్ల చొక్కాలో అయిదు శాతమంటే మూడున్నర సెంటీమీటర్లు. నడుం మీద నిలవాల్సిన చొక్కా పైకి లేవడానికి అది చాలు.

రంగు విషయంలో దాదాపు తప్పంతా నీళ్లలోనే ఉంది. పత్తికి వేసే రియాక్టివ్ రంగు కొంత పోగుకు అంటుకోకుండా మిగులుతుంది. సబ్బు నీటితో, వేడి నీటితో పలుమార్లు కడిగి దాన్ని వదిలించాలి. ఆ కడుగుళ్లలో రెండు తగ్గిస్తే నీరు, ఇంధనం, సమయం మిగులుతాయి. మిగిలిన రంగు మాత్రం మీ ఇంటి బకెట్లోకి దిగుతుంది. తెల్ల రుమాలు తడిపి, పిండి, లోపలి అంచు మీద పదిసార్లు రుద్దండి. ల్యాబులో అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 105-ఎక్స్12 పరీక్షలో చేసేదీ దాదాపు ఇదే. రుమాలు బాగా రంగు పట్టిందంటే ఆ బట్టను విడిగా ఉతకాలి, నిజానికి వెనక్కివ్వాలి.

మరి పేరున్న సంస్థల తనిఖీ ఏమైనట్టు? తనిఖీ ఉంది. కానీ అది చూసేది వేరు. 3,000 చొక్కాల లోడు వస్తే ఎన్ని లోపాల దాకా ఒప్పుకోవాలో ముందే ఒక స్థాయి పెట్టుకునే మామూలు ఏక్యూఎల్ పద్ధతిలో 125 చొక్కాలు తీసి చూస్తారు. 2.5 స్థాయి పెట్టుకుంటే వాటిలో ఏడు లోపాలు దొరికినా లోడు పాస్. ఎనిమిదోది దొరికితేనే తిరస్కారం. అక్కడ పట్టుబడేవి మరకలు, వేలాడే దారాలు, తప్పిన కొలతలు. ఆరో ఉతుకుకు ఏమవుతుందో ఆ బల్ల మీద తెలియదు. ఉతికి, రుద్ది చూసే పరీక్షలు ల్యాబులో విడిగా జరుగుతాయి. ముందుగా పంపిన నమూనా బట్టకు వచ్చిన మార్కులను తర్వాత వచ్చిన ప్రతి తానుకూ అంటగట్టడంతోనే గొడవంతా. ఉండల పరీక్షకు 1 నుంచి 5 దాకా మార్కులుంటాయి. 5 అంటే మార్పే లేదు, 1 అంటే ఒళ్లంతా ఉండలు. నాలుగు అడగాల్సినచోట మూడుతో సరిపెట్టుకుంటే ఆ మాట కొనేవారికి ఎవరూ చెప్పరు.

ఈ దిగజారుడు ఒక్క రోజున రాలేదు. దేశాల మధ్య దుస్తుల వ్యాపారాన్ని దశాబ్దాలపాటు బిగించి ఉంచిన కోటాల ఏర్పాటు 2004 చివరితో ముగిసింది. ఎక్కడ చవకైతే అక్కడ కుట్టించుకోవడం తేలికైంది. ఒక కొత్త డిజైన్ దుకాణానికి చేరే గడువు నెలల నుంచి వారాలకు తగ్గింది. కుట్టు యూనిట్‌కు ఇచ్చే రేటు పెరగకుండా గడువు మాత్రం కుంచించుకుపోయింది. ఆ ఒత్తిడి చివరికి ఎవరి మీద పడుతుందో 2013 ఏప్రిల్ 24న ఢాకా శివారు సావర్‌లో ప్రపంచమంతా చూసింది. దుస్తుల కర్మాగారాలున్న రానా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోయారు. కుట్టేవారికి ఊపిరి తీసుకునే సమయం ఇవ్వని రేటు, బట్టకు ఆరే సమయం కూడా ఇవ్వదు. మన్నికైన చొక్కా, మనిషికి న్యాయమైన కూలి ఒకే ఒప్పంద పత్రంలో ఉంటాయి. ఒకటి కావాలనేవారు రెండోదీ అడగక తప్పదు.

పత్తి ధర, రవాణా, అద్దెలు అన్నీ పెరిగాయని, చవకగా కావాలని జనమే అడుగుతున్నారని దుకాణాల వాదన. అందులో కొంత నిజముంది. నాలుగుసార్లు వేసుకుని పక్కన పడేసే అలవాటు మనకూ వచ్చింది. ఉతకడంలోనూ మన తప్పులున్నాయి. సాగే పోగున్న ప్యాంటును మిషన్ డ్రయ్యర్‌లో అతివేడి మీద ఆరబెడితే ఆ సాగే పోగు, అంటే ఎలాస్టేన్, చచ్చిపోయి మోకాళ్లు సంచుల్లా వేలాడతాయి. క్లోరిన్ బ్లీచ్ దానికి మరీ శత్రువు. తిరగేసి, చన్నీళ్లలో, డ్రమ్ము కిక్కిరిసిపోకుండా ఉతికితే ఉండలు, వెలియడం రెండూ తగ్గుతాయి. ఇవన్నీ ఒప్పుకుంటాం. ఖర్చు పెరిగితే ధర పెంచే హక్కు దుకాణానికి ఉందనీ ఒప్పుకుంటాం. ధర పెంచి, బట్టనూ పలచబరచి, పేరు మాత్రం పాతదే ఉంచే హక్కు లేదు.

అందుకే మా కోరిక నిర్దిష్టమైనది. పీచు శాతంతో పాటు జీఎస్‌ఎం, నూలు దువ్విందో కాదో, ఉండల పరీక్షలో వచ్చిన మార్కు, ఎన్ని ఉతుకులకు పరీక్షించారు, ఎంత కుంచించుకుపోయింది అన్నవి లేబుల్ మీద ఉండాలి. ఈ అంకెలన్నీ సంస్థ ఫైళ్లలో ఎలాగూ ఉండాల్సినవే. అచ్చు వేయడానికి రెండు వరుసలు చాలు. బట్ట మార్చినప్పుడు రకం నంబరు కూడా మార్చాలి. ఐరోపా సమాఖ్యలో 2024 జులై 18న అమల్లోకి వచ్చిన ఎకోడిజైన్ నిబంధన ఈ దారిలోనే నడుస్తోంది. మన్నిక, బాగుచేసుకునే వీలు వంటివాటికి వస్తువుల వారీగా షరతులు పెట్టడం, ఆ వివరాలను డిజిటల్ పత్రంలో చూపించడం దాని ఉద్దేశం. ముందు వరుసలో పెట్టిన వస్తువుల్లో దుస్తులూ ఉన్నాయి. చట్టం ఒత్తిడి వచ్చేదాకా ఆగకుండా పేరున్న సంస్థలే ముందడుగు వేయాలి. కోల్పోతున్నది వాళ్ల పేరే.

అప్పటిదాకా కొనేవారు రెండు నిమిషాలు ఖర్చు పెట్టాలి. చొక్కాను లోపలికి తిరగేయండి. వెలుతురుకు ఎత్తి పట్టుకుని అల్లిక ఒకే తీరుగా ఉందో, మబ్బుల్లా పలచగా, చిక్కగా ఉందో చూడండి. పక్క కుట్టుకు అటూ ఇటూ పట్టి మెల్లగా లాగండి. దారాల మధ్య వెలుగు కనిపిస్తే అది పిగలడానికి సిద్ధంగా ఉన్నట్టే. మెడ పట్టీని సాగదీసి వదిలితే వెంటనే వెనక్కి రావాలి. బొత్తాం వెనుక వేలాడే దారం కొస ఉంటే అనుమానించండి. ఒంటి దారం గొలుసు కుట్టయితే ఆ కొస ఒక్కటి లాగితే చాలు, బొత్తాం చేతిలోకి వచ్చేస్తుంది. కొన్న రోజే సూదితో నాలుగు పోట్లు వేసి ముడి వేస్తే ఆ బెడద తీరుతుంది. కాలర్ బిగువుగా నిలవడానికి లోపల అతికించే గట్టి గుడ్డ, అంటే బక్రం, వేడి సరిగా తగలక అతుక్కోకపోతే ఉతికాక బుడగలు లేస్తాయి. దుకాణంలో అది కనిపించదు, కాబట్టి మొదటి ఉతుకు తర్వాత తప్పకుండా చూడండి. రసీదు అప్పటిదాకా పారేయకండి.

లోపం బయటపడితే బట్టను బీరువా అడుగున పడేయకుండా వెనక్కి తీసుకెళ్లండి. కౌంటర్‌లో కారణం అడిగినప్పుడు ‘నచ్చలేదు’ అనో, ‘కొలత కుదరలేదు’ అనో చెప్పి రాకండి. ఆ మాటలు అమ్మకాల లెక్కలోకి పోతాయి తప్ప బట్ట నాణ్యం చూసేవారి దాకా చేరవు. కొన్న తేదీ, ఎన్నిసార్లు ఉతికారు, లేబుల్ చెప్పిన వేడిలోనే ఉతికారా, లోపం ఎక్కడ వచ్చింది అన్నవి చీటీ మీద రాయించండి. ‘మూడో ఉతుకుకు ఎడమ చంక కుట్టు పిగిలింది’ అన్నట్టుగా. లోపలి లేబుల్ మీది రకం నంబరునూ చేర్చండి. అదే నంబరు మీద అలాంటి చీటీలు పదుల్లో పోగైతే, తర్వాతి ఆర్డరు రాసేటప్పుడు అంగుళానికి ఎనిమిది కుట్లు చాలని సంతకం పెట్టడానికి కొనుగోలు విభాగానికి చెయ్యి ఆడదు.