అనంతశయన పేరెంటింగ్

నిన్న సాయంత్రం సంగతి. మోచెయ్యి ఇంకా సలుపుతోంది, ఆ వేడి మీదే రాసేస్తున్నాను.

పొద్దున మా వాడి స్కూల్లో పేరెంటింగ్ వర్క్‌షాప్. వాడు చదివేది ఎల్‌కేజీ. ఆదివారం పూట, తప్పనిసరిగా రావాలి, పైగా దానికో ఫీజు. 'ఆరోగ్యంగా, ఆనందంగా పెరగడానికి నాలుగు మెట్లు' అని బ్యానర్. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు గంటకు మించి స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పిందని మేడమ్ గారు చెప్పారు. నిజమే, చెప్పింది. అది మేం వింటున్నంతసేపూ మా పిల్లలందర్నీ పక్క గదిలో కూర్చోబెట్టి ప్రొజెక్టర్ మీద కార్టూన్లు వేశారు. గంట ఎప్పుడో దాటింది. ఎవరూ నోరెత్తలేదు. నేనూ ఎత్తలేదు, ఇంకో టర్మ్ ఫీజు కట్టాల్సి ఉంది మరి.

సాయంత్రం మా ఆవిడ, "ఏవండీ, కందిపప్పు, సర్ఫ్ అయిపోయాయి. వాణ్ణి కూడా తీసుకెళ్ళండి, కాసేపు నడుం వాలుస్తాను" అంది. వెళ్ళాం. అన్నీ కొన్నాం. బిల్లింగ్ క్యూలో నిలబడ్డాం.

అది ఏ మహానుభావుడి ఆలోచనో గానీ, బిల్లింగ్ దగ్గర చాక్లెట్లన్నీ సరిగ్గా నాలుగేళ్ళవాడి చెయ్యి అందే ఎత్తులోనే పేరుస్తారు. అందులో సగం చాక్లెట్టు, సగం బొమ్మ ఉండే గుడ్డు ఒకటి. మా వాడు అడిగాడు. నేను వద్దన్నాను. వాడు వెల్లకిలా పడిపోయి కాళ్ళు టపటపా కొట్టడం మొదలుపెట్టాడు. ఈ వయసులో ఈ మారాం మామూలేనని పిల్లల డాక్టర్లు చెబుతారు. వెనక నిలబడ్డవాళ్ళు మాత్రం డాక్టర్లు కారు.

మొదటి మెట్టు: పిల్లల కళ్ళ ఎత్తుకు దిగండి.

మేడమ్ గారు చూపించిన ఫొటోలో పిల్లాడు బుద్ధిగా నిలబడి ఉన్నాడు. మా వాడి కళ్ళు నేలకు నాలుగంగుళాల ఎత్తులో ఉన్నాయి. గొంతుక్కూర్చున్నాను. చాల్లేదు. మోకాళ్ళ మీద వంగాను. చాల్లేదు. ఇక సర్ఫ్ ప్యాకెట్ పక్కన పెట్టి, మోచెయ్యి టైల్స్ మీద ఆనించి, చెంపకు చెయ్యి ఇచ్చి, పూర్తిగా ఒక పక్కకు ఒరిగాను. పటాల్లో శేషుడి మీద పవళించిన అనంతశయనుడు, విష్ణుమూర్తి ఉంటారే, అలా. కాకపోతే ఆయన కాళ్ళ దగ్గర లక్ష్మీదేవి ఉంటుంది, నా కాళ్ళ దగ్గర ట్రాలీ ఉంది.

రెండో మెట్టు, వాళ్ళ భావానికి పేరు పెట్టడం. "కన్నా, నీకిప్పుడు చాలా కోపంగా ఉంది కదా? నాకు తెలుస్తోంది" అన్నాను మెత్తగా. వాడు ఏడుపు ఆపి అనుమానంగా చూసి, మళ్ళీ అందుకున్నాడు. మూడో మెట్టు, కళ్ళు మూసుకుని ఇద్దరూ కలిసి దీర్ఘంగా ఊపిరి తీసుకోవాలి. నేను మూసుకున్నాను.

ఆ చల్లటి టైల్స్ మీద నాకు జాన్ వాట్సన్ గుర్తొచ్చాడు. అమెరికాలో పేరున్న మనస్తత్వ శాస్త్రవేత్త. పిల్లల్ని ముద్దులాడొద్దు, ఒళ్ళో కూర్చోబెట్టుకోవద్దు, పొద్దున్నే ఒక షేక్‌హ్యాండ్ ఇస్తే చాలని 1928లో తల్లులకు చెప్పాడు. అప్పుడూ ఎవరో ఒకళ్ళు బుద్ధిగా నోట్సు రాసుకునే ఉంటారు. ఇప్పుడు కావలించుకోమంటున్నారు, నేల మీదికి దిగమంటున్నారు. మా అమ్మ మాత్రం మమ్మల్ని ఆముదం రాసి నీళ్ళు పోసి వీధిలోకి వదిలేసేది. ఆ పద్ధతికి బ్యానర్ లేదు, ఫీజూ లేదు.

"అయ్యయ్యో, ఎవరో పడిపోయారు!"

కళ్ళు తెరిచేలోపే ఒక పెద్దాయన నా అరచేతిలో తాళాల గుత్తి పెట్టి పిడికిలి బిగించేశాడు. "ఫిట్స్! గాలి ఆడనివ్వండి!" అంటూ చుట్టూ మరో పదిమందిని పోగేశాడు. ఫిట్స్‌కి ఇనుము పనికిరాదని డాక్టర్లు మొత్తుకుంటూనే ఉన్నారు, మన తాళాలు మాత్రం మానవు. "లేదండీ, నేను పేరెంటింగ్ చేస్తున్నాను" అన్నాను. "పలవరిస్తున్నాడు పాపం" అన్నారెవరో. మొహం మీద నీళ్ళు పడ్డాయి. సెక్యూరిటీ అతను నా కాళ్ళు పట్టుకుని పైకెత్తాడు, ఎందుకో అతనికీ తెలియదు.

"షుగర్ డౌన్ అయ్యుంటుంది" అంటూ క్యూలోంచి ఒకావిడ స్టాండు మీద చెయ్యేసి, సరిగ్గా ఆ గుడ్డే తీసి, చించి, చాక్లెట్టంతా ఆ బుల్లి చెంచాతో నా నోట్లో కుక్కేసింది. స్పృహ తప్పినవాళ్ళ నోట్లో ఏదీ పెట్టకూడదు తల్లీ అని చెబుదామంటే నోరు ఖాళీ లేదు.

మా వాడు లేచి నిలబడి ఉన్నాడు. ఏడుపు ఎప్పుడు ఆగిందో తెలియదు. నా వంక అంత గౌరవంగా వాడెప్పుడూ చూడలేదు.

"నాన్నా, నువ్వు పడుకుంటే వాళ్ళే పెడతారా?"

బిల్లులో ఆ గుడ్డు కూడా ఉంది. "ఓపెన్ చేసిన ఐటమ్ కదా సార్" అంది కౌంటర్ అమ్మాయి. బొమ్మ మా వాడు ఎప్పుడో జేబులో వేసుకున్నాడు. పిల్లలకు రెండు అవకాశాలు ఇచ్చి ఒకటి ఎంచుకోమనే నాలుగో మెట్టు దాకా మేం వెళ్ళనే లేదు.

ఇంటికొచ్చేసరికి స్కూలు నుంచి మెసేజ్. ఫీడ్‌బ్యాక్ ఫారం నింపితేనే పోర్టల్లో హోంవర్క్ కనిపిస్తుందట. 'నాలుగు మెట్లలో మీకు ఏది ఎక్కువ ఉపయోగపడింది?' అని అడిగారు. 'ఏదీ కాదు' అని టిక్ పెట్టే గడి లేదు. మొదటి మెట్టుకే పెట్టాను. అమ్మ విని, "వాడు అడిగినప్పుడే కొనిస్తే ఒక్క గుడ్డుతో పోయేది కదరా" అంది. ఇప్పుడు పోయిందీ ఒక్క గుడ్డే అని చెప్పబోయి ఊరుకున్నాను.

అన్నట్టు, ఆ తాళాల గుత్తి నా ప్యాంటు జేబులోనే వచ్చేసింది. ఒకటి స్కూటర్‌దిలా ఉంది, ఒకటి బీరువాది. పెద్దాయన నిన్న ఇంటికెలా వెళ్ళాడో ఏమో. ఇవ్వడానికి మళ్ళీ ఆ షాపుకే వెళ్ళాలి, నేనూ వస్తానని మా వాడు అప్పుడే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.