పరామర్శకులకు ఎనిమిది వారాల ధ్యానం

క్యాన్సర్ రోగుల ఆందోళనకు, కుంగుబాటుకు ధ్యానం మేలు చేస్తుందన్న సంగతిని మా బంధువర్గం ఏనాడో కనిపెట్టింది. క్యాన్సర్ వైద్యుల సంఘమైన అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ మాత్రం, సొసైటీ ఫర్ ఇంటిగ్రేటివ్ ఆంకాలజీతో కలిసి, అనేక పరిశోధనల ఫలితాలను పక్కపక్కన పెట్టి చూసి, మైండ్‌ఫుల్‌నెస్ పద్ధతులను, అంటే ఊపిరినీ తలపులనూ తప్పుపట్టకుండా గమనించే ధ్యానాన్ని, చికిత్స సాగుతుండగానూ, ముగిసిన తరువాతానూ సూచించవచ్చునని 2023లో గాని ఆచితూచి రాయలేకపోయింది. మా మేనమామగారికి అంత శ్రమ అక్కరలేకపోయింది. మా అక్కకు రొమ్ము క్యాన్సరని బయాప్సీ రిపోర్టు వచ్చిన సాయంత్రమే, చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టకుండా ఆయన తేల్చేశారు: "రోజూ కళ్లు మూసుకుని కూర్చోవే తల్లీ, అదే కరిగిపోతుంది."

రెండు సలహాలకూ తేడా స్వల్పమే. వైద్యులు తగ్గుతుందన్నది బెంగ, మామయ్యగారు కరుగుతుందన్నది కణితి.

ఈ స్వల్పభేదం వల్ల అక్కకు కొత్త ఉద్యోగం ఒకటి దొరికింది. కీమో ఎక్కించుకోవడం, వాంతులు ఆపుకోవడం, జుట్టు రాలడం చూసుకోవడం చాలవన్నట్టు, ఇకపై వచ్చినవారందరి ఎదుటా ప్రశాంతంగా కనిపించడం కూడా ఆమె బాధ్యతే అయింది. ఏడిస్తే "అలా నెగెటివ్‌గా ఆలోచిస్తే రోగం ముదురుతుంది" అన్నారు. తల, మెడ క్యాన్సర్లున్న 1,093 మందిని పరిశీలించి, వారి మనఃస్థితికీ ఆయుర్దాయానికీ సంబంధం కనిపించలేదని 2007లోనే ఒక అధ్యయనం ప్రకటించింది. మా వంశవృక్షం వాట్సాప్ గ్రూపుకు ఆ వార్త ఇంకా ఫార్వర్డ్ కాలేదు. క్యాన్సర్ రోగుల మనోవేదనే ప్రత్యేక వైద్యశాఖగా ఎదగడానికి బాటలు వేసిన జిమ్మీ హాలండ్ అనే మనోవైద్యురాలు, రోగులపై రుద్దే ఈ బలవంతపు ఉత్సాహాన్ని నిరంకుశత్వమనే అన్నారు. పాపం, ఆమెకు మా పెద్దమ్మ తెలియదు.

నిద్ర పట్టక, అన్నం సహించక అక్క బాగా కుంగిపోయినప్పుడు మానసిక వైద్యుణ్ణి కలుద్దామని నేనంటే, ధ్యానాన్ని అంతగా మెచ్చిన ఇదే సభ "పిచ్చి డాక్టరు దగ్గరికా!" అని ఒక్క గొంతుతో నివ్వెరపోయింది. మనసు వల్ల జబ్బు ముదురుతుందని నమ్మేవారు, మనసుకు మందుంటుందని నమ్మకపోవడంలోని తత్త్వం నాకు నేటికీ అంతుపట్టలేదు.

కాబట్టి లోకహితం కోరి ఒక ప్రతిపాదన చేస్తున్నాను. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో జాన్ కబాట్-జిన్ 1979లో మొదలుపెట్టిన ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణను, కెనడాలోని క్యాల్గరీలో లిండా కార్ల్‌సన్, మైఖేల్ స్పెకా క్యాన్సర్ రోగులకు తగినట్టు మలిచారు. దానినే మనం మరొక్క మెట్టు ముందుకు తీసుకువెళ్లి పరామర్శకులకు తప్పనిసరి చేయాలి. ఆందోళన పుట్టుచోట చికిత్స చేయడమే కదా శాస్త్రం!

మొదటి వారం అభ్యాసకుడు మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తన ఊపిరిని తాను గమనిస్తాడు. "మా తోడల్లుడి అన్నగారికి కూడా అచ్చం ఇదే, ఆరు నెలల్లో..." అనే వాక్యం లోపల పుడుతుంది. పుట్టనివ్వాలి, తరమకూడదు, తిట్టుకోకూడదు, బయటకు మాత్రం రానివ్వకూడదు. కాలి వేళ్ల నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క అవయవాన్నీ మనసుతో తడిమే అభ్యాసంలో నాలుక దగ్గర అదనపు సమయం కేటాయించబడుతుంది. లక్ష్మణఫలం, గోధుమగడ్డి రసం వంటి చిట్కావైద్యాల తలపులను ఆకాశంలో సాగిపోయే మబ్బుల్లా చూడటం నాలుగో వారానికి గాని పట్టుబడదు. జలుబు చేసినవారు, కీమో తరువాత తెల్లకణాలు పడిపోయిన మనిషి దగ్గరకు రాకుండా, ఇంటివద్దనే సాధన చేసుకోవచ్చు. మూల శిక్షణలో ఉన్నట్టే ఒక రోజంతా మౌనం కూడా ఉంటుంది. అది, క్యాన్సర్ ఎంతవరకు పాకిందో చూపే పెట్ స్కాన్ రిపోర్టు వచ్చే రోజున పాటించాలి, ఫోనుకూ వర్తిస్తుంది.

అసలు రోగి మాటకొస్తే, అక్క ఆసుపత్రి కౌన్సెలర్ దగ్గర ఈ విద్యను నిజంగానే నేర్చుకుంది. మూడు గంటలపాటు సెలైన్ చుక్కలు దిగుతుంటే కళ్లు మూసుకుని, తప్పిపోయిన ఊపిరి లెక్కను మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేది. "భయం పోలేదురా, నా మీద నుంచి లేచి పక్క కుర్చీలో కూర్చుంది" అని చెప్పింది ఒకనాడు. మళ్లీ రాత్రి రెండింటికి లేచి ఏడ్చింది కూడా. ఆ కౌన్సెలర్ ఏడవవద్దని ఎన్నడూ అనలేదట.

మొన్న ఆదివారం మామయ్యగారిని మొదటి బ్యాచ్‌లో చేర్చుకున్నాం. కుర్చీలో నిటారుగా కూర్చున్నారు, కళ్లు మూశారు. ఐదో నిమిషంలో "నోని రసం అని ఒకటి వచ్చిందే తల్లీ..." అంటూ తెరిచారు. మొత్తం నాలుగు నిమిషాల మౌనమని అక్క, మాత్రల వేళలు రాసుకునే నోటుపుస్తకంలో తారీఖు వేసి మరీ రాసుకుంది.